విల్లు దెబ్బతిందా, నారిదే లోపమా?

రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంపు తిరిగి ఉండే విల్లు) ఏదో తేడాగా ఉందనిపిస్తే చాలామంది ముందు నారి మీద పడతారు. పోగులు లేచాయనో, తెగిందనో కొత్త స్ట్రింగ్ తెప్పించి కట్టేస్తారు. నారి చవక, విల్లు ఖరీదు కాబట్టి అక్కడ మొదలుపెట్టడం సహజమే. చిక్కెక్కడంటే నారి లోపమూ, లింబ్ (విల్లులో పైనా కిందా వంగే భాగం) లోపమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. బాణాలు పక్కకి పోతాయి, చప్పుడు పెరుగుతుంది, బ్రేస్ హైట్ (పిడికిలి పట్టుకూ నారికీ మధ్య దూరం) తగ్గుతుంది. లోపం లింబ్‌లో ఉండగా దానికి బిర్రుగా ఉండే కొత్త నారి కట్టడమంటే కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. అందుకే విల్లును పరీక్షించడం, నారి ఎంచుకోవడం వేర్వేరు పనులు కావు. లింబ్ కొసలు ఎంత దెబ్బకు ఓర్చుకుంటాయో తేలాకే నారి సంగతి.

దీనికి కారణం బాణం వదిలిన క్షణంలో ఉంది. లాగినప్పుడు లింబ్‌లు వంగి శక్తిని దాచుకుంటాయి. వదలగానే అందులో ఎక్కువ భాగం బాణం పట్టుకుపోతుంది. మిగిలిన శక్తితో లింబ్‌లు ముందుకు దూసుకొస్తూనే ఉంటాయి. వాటిని ఆపేది నారి. అది నిటారుగా బిగుసుకున్న ఆ క్షణంలో దాని మీద పడే లాగుడు, పూర్తిగా లాగి పట్టుకున్నప్పటి కంటే చాలా ఎక్కువ. 40 పౌండ్ల విల్లుకు (లాగడానికి 40 పౌండ్ల బలం కావాల్సినదానికి) 40 పౌండ్లు మోసే నారి చాలదు, అంతకు కొన్ని రెట్లు బలం ఉండాలి అనేది అందుకే.

బాణం లేకుండా లాగి వదిలితే, అంటే డ్రై ఫైర్ అయితే, పట్టుకుపోయేవాడు లేక ఆ శక్తంతా లింబ్‌ల మీదే పడుతుంది. కావాలని ఎవరూ చేయరు గానీ అనుకోకుండా చాలా రకాలుగా జరుగుతుంది. బాణం నాక్ (నారికి తగిలించే వెనక కొస గాడి) పగిలి నారి జారిపోవచ్చు. వదిలే క్షణంలో నారే తెగిపోవచ్చు. విల్లు కొత్తగా చూసిన స్నేహితుడు సరదాగా లాగి వదిలేయొచ్చు (క్లబ్బుల్లో విళ్లు పాడయ్యే పద్ధతుల్లో ఇదొకటి). మరీ తేలిక బాణాలు వాడటం కూడా రోజూ కొంచెం కొంచెంగా డ్రై ఫైర్ చేయడం లాంటిదే. పాత విళ్లకు లాగే బరువులో పౌండుకు 8 గ్రెయిన్లకు తగ్గని బాణం వాడమని అనుభవజ్ఞులు చెబుతారు. 40 పౌండ్లకు అది 320 గ్రెయిన్లు, దాదాపు 21 గ్రాములు.

తెగిన నారిని పారేయకండి

అది సాక్ష్యం. ఎక్కడ తెగిందో చూస్తే సగం విషయం అదే చెబుతుంది. లూప్ (నారి చివరి ఉచ్చు) దగ్గర తెగితే అనుమానించాల్సింది లింబ్ కొసనున్న గాడిని. గాడి అంచు పదునెక్కి ఉండొచ్చు, చిన్న పెచ్చు లేచి ఉండొచ్చు. అది చూసుకోకుండా కొత్త నారి కడితే అదీ అక్కడే తెగుతుంది. ఒక దూదిపింజను గాడిలో ఇటూ అటూ తిప్పండి. పీచు చిక్కుకుపోయిన చోటే గరుకు. సన్నటి గరుకు కాగితంతో ఆ అంచును మాత్రమే నునుపు చేయొచ్చు, గాడిని లోతు చేయకూడదు. నడుమ, బాణం పెట్టే చోట సర్వింగ్ దారం (నారి అరగకుండా దాని చుట్టూ చుట్టేది) కింద తెగితే అది మామూలు అరుగుదల. అక్కడ మాత్రం విల్లు నిర్దోషి.

ఎక్కడ తెగినా, బాణం వదిలేటప్పుడు తెగిందంటే విల్లు డ్రై ఫైర్ అయినట్టే లెక్క. కొత్త నారి కట్టేలోపు లింబ్‌లను అంగుళం అంగుళం చూడాలి.

నారి దించి, టేక్‌డౌన్ విల్లయితే లింబ్‌లు విడదీసి, దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టండి. తిన్నగా పడే వెలుతురులో గీతలు కనబడవు. ఒక పొడి దూదితో రెండు లింబ్‌ల అంచులు మొదలు నుంచి కొస దాకా నెమ్మదిగా తుడవండి. దూది పట్టుకున్న చోట ఫైబర్‌గ్లాస్ పీచు లేచినట్టే. ఈ పని వేళ్లతో చేయొద్దు, గాజు పీచు చర్మంలో దిగితే తీయడం కష్టం. తర్వాత అంచుల వెంట జిగురు గీతలు చూడండి. లింబ్ అనేది చెక్క లేదా ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్, కార్బన్ పొరలు అతికించి చేసినది. పొరల మధ్య వెంట్రుకంత ఖాళీ కనబడినా, గోరు దూరినా పొరలు విడిపోతున్నట్టే.

ఇక గీతలు. గీత కనబడగానే గుండె జారిపోనక్కర్లేదు. పాత విళ్ల మీద వార్నిష్ మాత్రమే నెర్రెలిచ్చి ఉండటం చాలా మామూలు. గోరు అడ్డంగా నడిపితే తట్టని గీత, విల్లు ఎక్కుపెట్టినా వెడల్పు కాని గీత, దాదాపుగా పైపూతదే. పొడవునా పోయే సన్నటి గీతలు ఫైబర్‌గ్లాస్‌లోనే ఉన్నా, పాత విళ్లు చాలావరకు వాటితోనే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అలాంటి గీత రెండు చివర్లా పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, పక్కన తేదీ వేసుకోండి. గుర్తు దాటి పెరిగిందంటే ఆ లింబ్‌కు ఇక సెలవు.

అడ్డగీత వేరే సంగతి. లింబ్ వెడల్పుకు అడ్డంగా పోయే గీత లింబ్ బరువు మోసే దిశనే కోస్తోంది. లాగేవారి వైపు ముఖం వంగినప్పుడు నొక్కుకుపోతుంది, కాబట్టి అక్కడ దెబ్బ ముడతలా కనిపిస్తుంది. లక్ష్యం వైపు ముఖం సాగుతుంది, అక్కడ పేడు లేస్తుంది. రెండింటిలో ఏది కనబడినా మళ్లీ లాగొద్దు. ఇక్కడే చాలామంది సూపర్‌గ్లూ తీస్తారు. పలచటి జిగురు సందులోకి పారించి, బిగించి, ఆరబెట్టి మళ్లీ వేశామనేవాళ్లు ఉన్నారు, అబద్ధమనను. కానీ ఆ అతుకు పట్టిందో లేదో తెలిసేది పూర్తిగా లాగినప్పుడే. ఆ సమయంలో అది మీ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. కొసన ఉన్న చిన్న పెచ్చును విల్లు తయారుచేసేవారి చేత అతికించుకోవచ్చు. వంగే భాగంలో దెబ్బ తగిలితే లింబ్ మార్చడమే. అదీ ఒకటి కాదు, జత మార్చాలి. వేరే జతలోంచి తెచ్చిన ఒంటి లింబ్ బలం రెండోదానితో కలవదు.

మెలి తిరిగిందా, సరిగా కూర్చోలేదా?

ఇది నారి కట్టాకే తెలుస్తుంది. స్ట్రింగర్ (నారి కట్టేందుకు విల్లును వంచే తాడు) వాడి ఎక్కుపెట్టండి. కాలు దూర్చి తొడ మీద వంచి కట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ లింబ్‌లు మెలి తిరగడానికి పెద్ద కారణాల్లో అదొకటి. ఎక్కుపెట్టాక విల్లును రెండు కుర్చీల వీపుల మీద ఆనించి, నారి పైకి ఉండేలా పెట్టండి. ఒక కొస వెనక నిలబడి ఒక కన్ను మూసి, నారి గీత రైజర్ (చేత్తో పట్టే నడిమి భాగం) నడిమధ్యగా, రెండు లింబ్‌ల నడిమధ్యగా పోతోందా చూడండి.

లింబ్ మొదలు నుంచి కొస దాకా నారి ఒకే పక్కకు ఒరిగి ఉంటే లింబ్ రైజర్‌లో సరిగా కూర్చోలేదని అర్థం. పాకెట్‌లో, అంటే రైజర్‌లో లింబ్ కూర్చునే చోట, ఇసుక రేణువు ఉన్నా చాలు అలా అవుతుంది. తుడిచి, బోల్టులు చూసి, పక్కకు జరిపే సర్దుబాటు ఉన్న రైజరైతే దానితో సరిచేయొచ్చు. మొదట్లో నారి మధ్యలోనే ఉండి, కొస దగ్గర మాత్రం ముఖం పక్కకు తిరిగి ఉంటే అది మెలి. ఆ మాట అనేముందు లూప్ గాడిలో రెండు వైపులా సమంగా కూర్చుందో లేదో చూడండి. లూప్ ఒక పక్క ఎత్తుగా ఆగినా లింబ్ మెలి తిరిగినట్టే భ్రమ కలుగుతుంది.

కొద్దిపాటి మెలి ఉన్న చెక్క-ఫైబర్‌గ్లాస్ లింబ్‌ను ఎక్కుపెట్టి ఉండగానే చేత్తో ఎదురు దిశలో తిప్పి పట్టి, రోజూ కాసేపు అలా చేస్తూ కొంతవరకు దారికి తేవచ్చు. వేడి నీళ్లు పోసి తిప్పే పాత పద్ధతి కూడా ఉంది. వేడికి జిగురు కూడా మెత్తబడుతుంది కాబట్టి నేను దానికి ఓటు వేయను. కార్బన్-ఫోమ్ లింబ్‌లతో ఇలాంటి ప్రయోగాలు అసలే వద్దు. నారి గాడి అంచుకు వచ్చి ఏ క్షణాన జారుతుందో అన్నట్టుంటే మెలి ఎంతన్నది కూడా కొలవక్కర్లేదు. లాగి ఉన్నప్పుడు నారి జారితే లింబ్ తిరగబడుతుంది.

రైజర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చెక్కదైతే బోల్టు దిగే చోట, పిడికిలి పట్టే సన్నటి చోట పగుళ్లు చూడండి. లోహపుదైతే బోల్టుల మరలు చూడండి. బోల్టులు వదులు చేసి లాగే బరువు తగ్గించుకునేవాళ్లు తయారీదారు చెప్పిన చుట్ల హద్దు దాటకూడదు.

బ్రేస్ హైట్ తగ్గిపోతుంటే

ఎక్కువమందిని తికమక పెట్టే లక్షణం ఇదే. పిడికిలి పట్టు లోతైన చోటు నుంచి నారి దాకా ఉన్న దూరం బ్రేస్ హైట్. 68 అంగుళాల విల్లుకు సాధారణంగా ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అంగుళాల మధ్య ఉంటుంది, పొట్టి విళ్లకు కొంత తక్కువ. నిన్న ఎనిమిది ముప్పావు ఉన్నది ఇవాళ ఎనిమిదింపావు అయితే నారి సాగిందా, లింబ్ కుంగిందా?

తేల్చేది టిల్లర్. పై లింబ్ రైజర్‌ను కలిసే చోటు నుంచి నారికి ఉన్న దూరం, కింద లింబ్‌కు అదే దూరం, రెండూ కొలిచి తేడా చూడండి. చాలా విళ్లకు పైది కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటుంది. నారి సాగితే రెండు కొలతలూ ఇంచుమించు ఒకేలా తగ్గుతాయి, తేడా మారదు. బోల్టులు ముట్టుకోకుండానే తేడా మారిందంటే ఒక లింబ్ బలం కోల్పోతోంది, లేదా పాకెట్‌లో కదులుతోంది. విల్లు త్రాసు దొరికితే లాగే బరువు కూడా చూడండి. మీరు లాగే దూరంలోనే కొలవాలి. విల్లు మీద రాసి ఉండే బరువు 28 అంగుళాలకు చెప్పినది, మీ చేతిలో అది అంగుళానికి రెండు, రెండున్నర పౌండ్లు అటూ ఇటూ అవుతుంది. ఈ కొలతలు విల్లు బాగున్నప్పుడే రాసి పెట్టుకోకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

చప్పుడు కూడా మాట్లాడుతుంది. లాగుతుంటే కిర్రుమంటే అది తరచుగా లింబ్ పాకెట్ దగ్గర రాపిడి. వదిలాక చెళ్లున కొట్టినట్టు వినిపిస్తే బ్రేస్ హైట్ తక్కువై ఉండొచ్చు. లాగేటప్పుడు టిక్కుమని చిన్న శబ్దం వచ్చి, మళ్లీ అదే చోట వస్తే మెల్లగా దించేయండి. పొరల్లో ఏదో విడిపోతోంది.

ఏ నారి?

లింబ్‌లు నిలబడ్డాయి, కొసలు గట్టిగా ఉన్నాయి అనుకుందాం. నారి దారాల్లో నిజంగా చూడాల్సిన తేడా ఒకటే: సాగే గుణం. డాక్రాన్ అని పిలిచే పాలిస్టర్ సాగుతుంది. ఫాస్ట్ ఫ్లైట్, డైనీమా, స్పెక్ట్రా పేర్లతో వచ్చే హై మాడ్యులస్ పాలిథిలీన్ దాదాపు సాగదు. వేగంగా వచ్చే బంతిని చేతులు వెనక్కి లాక్కుంటూ పట్టడానికీ, చేతులు బిగబట్టి పట్టడానికీ ఎంత తేడానో, లింబ్ కొసలకు ఈ రెండింటికీ అంత తేడా. డాక్రాన్ ఆ దెబ్బలో కొంత తను తీసుకుంటుంది, బదులుగా బాణం వేగం కాస్త తగ్గుతుంది. సాగని దారం వేగాన్ని ఇస్తుంది, దెబ్బను పూర్తిగా కొసలకు చేరవేస్తుంది.

మధ్యలో కెవ్లార్ కాలం ఒకటి నడిచింది. సాగదు, వేగం ఇస్తుంది. కానీ గాడి దగ్గర, నాక్ దగ్గర మళ్లీ మళ్లీ వంగితే లోలోపల విరిగి, ముందు ఏ సూచనా ఇవ్వకుండా తెగిపోయేది. తెగిన ప్రతిసారీ విల్లు డ్రై ఫైర్. 1980ల్లో పాలిథిలీన్ దారాలు రాగానే విలుకాళ్లు అటు వెళ్లిపోయారు. ఎక్కడైనా పాత అరలో కెవ్లార్ నారి దొరికితే అక్కడే ఉండనివ్వండి.

మీ విల్లుకు ఏది సరిపోతుందో కొస చూసి చెప్పొచ్చు. గాడి ఉన్న చోట ఫైబర్‌గ్లాస్ లేదా గట్టి ప్లాస్టిక్ పొరలతో మందంగా దిట్టం చేసి ఉంటే, తయారీదారు కూడా సాగని నారికి సరేనంటే నిశ్చింతగా వాడండి. కొత్త టేక్‌డౌన్ లింబ్‌లు చాలావరకు ఈ కోవలోవే. కొస సన్నగా, పైన పలచటి పొర తప్ప ఏమీ లేకుండా, చెక్క పొరలు కనబడుతూ ఉంటే డాక్రానే. తయారీ వివరం తెలియని పాత విల్లుకూ డాక్రానే. లూప్ దగ్గర అదనపు పోగులు వేసి లావు చేసిన సాగని నారిని పాత విళ్లకు కట్టేవాళ్లున్నారు. లావు లూప్ దెబ్బను కొంచెం ఎక్కువ చోటుకు పరుస్తుంది, నిజమే. కానీ దెబ్బ తగ్గదు. కొద్దిపాటి వేగం కోసం మళ్లీ దొరకని విల్లును పణంగా పెట్టడం నాకైతే సబబుగా అనిపించదు. డ్రై ఫైర్ అయి పరీక్షలో నెగ్గిన విల్లుకు కూడా, కొంతకాలం డాక్రాన్ కట్టి చూడటం మంచిదంటాను.

పోగుల సంఖ్య దగ్గర మరో గందరగోళం. డాక్రాన్‌లో 25 నుంచి 35 పౌండ్ల విల్లుకు 10 పోగులు, 35 నుంచి 45కి 12, 45 నుంచి 55కి 14 అనేది వాడుకలో ఉన్న లెక్క. అంతకంటే చాలా బలమైన సాగని దారానికి 14, 16, 18 పోగులు ఎందుకు వేస్తారు? బలం కోసం కాదు. ఆ దారం సన్నం, తక్కువ పోగులు వేస్తే నారి బాణం నాక్‌లో వదులుగా ఆడుతుంది, వేళ్లను కోస్తుంది. లావు నారి స్థిరంగా ఉంటుంది, చప్పుడు తక్కువ, కాకపోతే బరువెక్కి బాణం వేగం కొద్దిగా లాగేస్తుంది.

పొడవు దగ్గర దుకాణాల భాషే మోసం చేస్తుంది. 68 అంగుళాల స్ట్రింగ్ అని రాసి ఉంటే అది 68 అంగుళాల విల్లుకు సరిపడేదని ఒకరు రాస్తారు, నారి పొడవే 68 అని మరొకరు రాస్తారు. రికర్వ్‌లో నారి, విల్లు పొడవు కంటే మూడు నుంచి నాలుగు అంగుళాలు పొట్టిగా ఉండాలి. ఏ పొడవు విల్లుకో అడిగి, నారి అసలు పొడవు కూడా అడిగి తీసుకోండి. 25 అంగుళాల రైజర్‌కు మీడియం లింబ్‌లు వేస్తే 68, లాంగ్ లింబ్‌లు వేస్తే 70 అవుతుంది. పొడవు చెరిగిపోయిన పాత విల్లయితే నారి దించి, లింబ్ వంపు వెంటే టేపు పెట్టి గాడి నుంచి గాడికి కొలవండి. కొంచెం పొడుగైనా ఫరవాలేదు, పురి పెట్టి పొట్టి చేయొచ్చు. మరీ పొట్టిదైతే బ్రేస్ హైట్ పెరిగి లింబ్‌లు ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటాయి.

పురి పెడితే నారి కురచవుతుంది, బ్రేస్ హైట్ పెరుగుతుంది. విప్పితే తగ్గుతుంది. 68 అంగుళాల విల్లు నారికి ఇరవై, ముప్పై పురులు మామూలే. బొత్తిగా పురి లేకపోతే పోగులు విడివిడిగా పరుచుకుని గాలిని పట్టుకుంటాయి. మరీ ఎక్కువైతే నారి స్ప్రింగులా సాగడం మొదలుపెడుతుంది. పురి పెట్టాల్సిన దిక్కు సర్వింగ్ బిగుసుకునే దిక్కే. ఎదురు తిప్పితే సర్వింగ్ వదులై జారుతుంది. రెండు లూప్‌ల్లో పెద్దది పైకి, అది లింబ్ మీదుగా కిందికి జారగలగాలి. తలకిందులుగా కట్టినవి చాలా చూశాను, పెద్ద లూప్ కింద కొసన వదులుగా కూర్చుని జారిపడటానికి సిద్ధంగా ఉంటుంది.

నాక్ ఎలా పట్టాలన్నది ఇలా చూడండి. విల్లును అడ్డంగా, నారి నేలకు సమాంతరంగా ఉండేలా పట్టి, బాణాన్ని నారికి తగిలించి కిందికి వేలాడదీయండి. తన బరువుకు తను పడిపోకూడదు. నాక్ పక్కన నారి మీద వేలితో చిన్నగా తడితే ఊడి పడాలి. పడకపోతే సర్వింగ్ లావు. దానంతటదే పడితే సన్నం. సర్వింగ్ దారం మార్చుకుంటే సరిపోయేదానికి నారి మొత్తం మార్చేవాళ్లున్నారు.

కొత్త నారి కట్టాక బాణాలు దారి తప్పితే మళ్లీ విల్లునే తిట్టకండి. డాక్రాన్ నుంచి సాగని నారికి మారితే బాణానికి ఎక్కువ తోపు అందుతుంది, అదే బాణం ఇంతకు ముందు కంటే మెత్తగా, అంటే ఎక్కువ వంగుతూ, ప్రవర్తిస్తుంది. కుడిచేతి విలుకాడికి బాణాలు కుడికి పోవడం మొదలవుతుంది. ఇది లింబ్ మెలి కాదు, ట్యూనింగ్ (విల్లుకూ బాణానికీ పొంతన కుదర్చడం) సంగతి అంతే. పైగా కొత్త నారి మొదటి వంద బాణాల వరకు సాగి సర్దుకుంటూనే ఉంటుంది, అప్పటిదాకా బ్రేస్ హైట్ రోజూ కొలిచి పురి సరిచేయాలి. ఇక్కడ రెండు రకాల సాగుడు కలగాపులగం చేయొద్దు. లాగినప్పుడు సాగి వదిలితే వెనక్కి వచ్చేది ఒకటి, సాగి ఇక వెనక్కి రానిది మరొకటి. పాలిథిలీన్ మొదటిదానిలో చాలా మంచిది, వేడి తగిలితే రెండోదానిలో బలహీనం. 150 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల అది కరిగేపోతుంది, అంతకు చాలా ముందే వేడిలో, లాగుడులో మెల్లగా పొడుగవుతుంది. ఎండలో నిలిపిన కారులో ఎక్కుపెట్టిన విల్లు వదిలేస్తే నారికీ, లింబ్ జిగురుకీ రెండింటికీ చేటే.

పోగుల మీద నూగు లేస్తే మైనం రుద్ది, వేళ్ల వేడికి లోపలికి ఇంకేలా చేయండి. సర్వింగ్ మీద రుద్దకండి. ఒక్క పోగు తెగినా నారి మార్చేయాలి, మిగతావి మోస్తాయిలే అని లెక్కలు వేయొద్దు. అదే పొడవు, అదే దారం, అన్నే పోగులున్న రెండో నారిని ముందే వంద బాణాలు వేసి సర్ది, దాని పురుల సంఖ్య, బ్రేస్ హైట్ రాసిన చీటీతో పాటు చుట్టి సంచిలో పెట్టుకోండి. పోటీ మధ్యలో నారి తెగితే, విల్లు పరీక్షలో నెగ్గాక, గురి మళ్లీ మొదటి నుంచి కట్టుకునే పని తప్పుతుంది.